ఉంగరాలు లేని మేకులు

షెఫికా ముఖం మీరు చూసే ఉంటారు. మందుల షాపుల్లో, విమానాశ్రయాల్లో, అద్దాల బీరువాల్లో ఒక నల్లటి ట్యూబు ఉంటుంది. దాని మీద తలకి తెల్ల రుమాలు కట్టుకుని, చెవులకి వెండి జుంకాలు పెట్టుకుని ఒక ముసలావిడ నవ్వుతుంటుంది. కింద బంగారు అక్షరాలతో "షెఫికా తాంతి రహస్యం" అని ఉంటుంది. తాంతి అంటే మా వైపు పిన్ని అన్నట్టు. ఆ ట్యూబులో షెఫికా పిన్నిది ఏమీ లేదు. రహస్యం లేదు, సరస్సు లేదు, మట్టి లేదు. ఈ మాట అనే హక్కు నాకుంది, ఎందుకంటే ఆ సరుకు బాగుందని సంతకం పెట్టింది నేనే.

నా పేరు అనేతా. నల్లసముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న మా ఉప్పు సరస్సు ఒడ్డున, మట్టి ప్రయోగశాలలో సరుకు పరీక్షలు చేస్తూ ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. షెఫికా నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. ఆవిడ గురించి రాయమని ఎవరూ నన్ను అడగలేదు. పత్రికల వాళ్ళు రాసింది చదివి ఒళ్ళు మండి రాస్తున్నాను. "వంట గదిలో పుట్టిన అద్భుతం" అని రాశాడొకడు. వంట గది కాదురా నాయనా, పదకొండేళ్ళ చాకిరీ అది.

షెఫికా తాతార్ల పిల్ల, మా తీరాన తరాలుగా ఉంటున్న ముస్లిముల ఇంటి బిడ్డ. వాళ్ళమ్మ సబ్రియే మట్టి స్నానాల గదిలో పనిచేసేది. తెల్లారకముందే సరస్సు అడుగు నుంచి పడవల్లో నల్ల మట్టి వచ్చేది. దాన్ని వేడి చేసి, బకెట్లలో మోసి, కీళ్ళు పట్టేసిన వాళ్ళ ఒంటికి పూయడం ఆవిడ పని. జబ్బులు మోసుకుని దేశం నలుమూలల నుంచీ వచ్చిన పెద్దమనుషులు ఆవిడ చేతుల కింద పసిపిల్లల్లా పడుకునేవాళ్ళు. బయటికి వచ్చాక మాత్రం వీధిలో ఆవిణ్ణి గుర్తుపట్టేవాళ్ళు కాదు. ఆ సబ్రియేకి ఒకే ఒక నగ ఉండేది, లావుపాటి వెండి ఉంగరం. పనిలోకి వెళ్ళేముందు తీసి తలుపు పక్క మేకుకి తగిలించేది. మా మట్టికి, వెండికి పడదు. ఒక్క పూట చాలు, మెడలో శిలువైనా, చేతికి కడియమైనా కాల్చిన పుల్లలా నల్లబడిపోతుంది. ఇది మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

పదిహేనేళ్ళకి షెఫికా ప్రయోగశాలలో సీసాలు కడగడానికి చేరింది. తల్లి పోయాక ఆ ఉంగరం ఈవిడ వేలికి వచ్చింది. ప్రయోగశాల గుమ్మం పక్కన కూడా ఒక చెక్కపలక, దానికి వరసగా పద్నాలుగు మేకులు ఉండేవి. మూడో మేకు షెఫికాది. నేను చేరినప్పుడు నాకు తొమ్మిదోది ఇచ్చారు. పొద్దున అందరి వెండీ అక్కడ వేలాడుతుండేది. సాయంత్రం పోయేటప్పుడు ఒకరి గొలుసు ఒకరు తీసుకుని, "ఇది నాది కాదే, నాది ఇంకా లావు" అని మేలమాడుకునేవాళ్ళం.

ఇక జెల్ సంగతి. మా మట్టిని ఇంటికి పట్టుకుపోలేరు. సరస్సు నీళ్ళ కింద ఉన్నంతసేపే అది నలుపు, మెత్తన. గాలి తగిలితే బూడిదరంగుకి తిరుగుతుంది, ఎండితే పెచ్చులూడుతుంది. వేసవిలో ఒడ్డున ఆడవాళ్ళకి వేసిన కంచె లోపల, మగవాళ్ళకి వేసిన కంచె లోపల జనం ఒళ్ళంతా పూసుకుని, చేతులు చాపి ఎండలో నిలబడేది అందుకే. బూడిదరంగు వచ్చిందంటే ఇవ్వాల్సింది ఇచ్చేసినట్టు, ఇక కడుక్కోవచ్చు. అయితే ఏడాదికి పది రోజుల సెలవు దొరికే గని కూలీ మిగతా ఏడాదంతా ఏం చెయ్యాలి? అందుకని పై అధికారులు ప్రయోగశాల నడిపే మా ఇంజినీరమ్మకి ఒక పని అప్పజెప్పారు. మట్టి సారం తీసి, ట్యూబులో పట్టే జెల్‌గా చెయ్యాలి. ఎవరైనా ఇంటికి తీసుకుపోయి మోకాలికి రాసుకోవాలి.

సారం తీయడం కష్టం కాలేదు. మట్టిని సరస్సు నీళ్ళలో కలిపి, తేర్చి, వడగడితే టీ రంగు నీళ్ళు వస్తాయి. కోడిగుడ్డు కుళ్ళిన వాసన వేస్తాయి. ఆ వాసన మాకు అలవాటే. అసలు చిక్కంతా దాన్ని గడ్డకట్టించడంలో ఉంది. జర్మనీ నుంచి తెల్లపొడి వచ్చేది. మామూలు నీళ్ళలో వేస్తే అద్దంలాంటి జెల్ నిలబడేది. అందులో మా సారం ఒక చెంచా పడిందా, అయిపోయింది. నిమ్మకాయ పిండిన పాలలా విరిగి, నీళ్ళు ఒక పక్క, పలుకులు ఒక పక్క. మా సరస్సులో ఉన్నంత ఉప్పుని ఆ పొడి తట్టుకోలేదు. ఇంజినీరమ్మ రెండేళ్ళు తల బద్దలుకొట్టుకుంది.

ఒకరోజు సింకు దగ్గర సీసాలు కడుగుతున్న షెఫికా వెనక్కి కూడా తిరగకుండా అంది: "మేడమ్, గుతుయె గింజలు వేసి చూడకూడదా?"

గుతుయె అంటే పచ్చగా, గట్టిగా ఉండే పండు. పచ్చిది కొరికితే నోరు పిడచకట్టుకుపోతుంది. మా ఇళ్ళలో చలికాలమంతా బీరువాల మీద పేర్చుకుని వాసన పీల్చుకుంటాం. దాని గింజలు నానబెడితే చిక్కటి బంక వస్తుంది.

"ఎందుకూ?" అంది ఇంజినీరమ్మ.

"ఆదివారాలు ఆడపిల్లలం ఆ బంకే జుట్టుకి రాసి ఉంగరాలు తిప్పుకునేవాళ్ళం. తర్వాత సరస్సులో దిగేవాళ్ళం. ఉప్పునీళ్ళలో మునిగి లేచినా జుట్టు జారేది కాదు. మంచినీళ్ళతో కడిగితేనే పోయేది."

ఇంజినీరమ్మ గొప్పతనం ఏమిటంటే నవ్వలేదు. సీసాలు కడిగే మనిషి చెప్పిందని తోసెయ్యలేదు. ఆ సాయంత్రమే షెఫికా చేతిలోని బ్రష్ తీసి పక్కన పెట్టి, ఒక తెల్లకోటు ఇచ్చింది. ఆమె ఇప్పుడు లేదు. ఉండి ఉంటే ఈ కథ ఇలా జరిగేది కాదు.

ఆ మాట అన్న రోజు నుంచి నికరమైన జెల్ చేతికి రావడానికి పదకొండేళ్ళు పట్టింది. మొదటిది ఆరో రోజుకే బూజు పట్టింది. రెండోది ఎండకి నీరైపోయింది. మూడోది పగలంతా బాగానే ఉండి, మంచు పడిన రాత్రి గట్టిపడి పలుకులైంది. గింజల్ని మంచినీళ్ళలో నానబెట్టి తర్వాత సారం కలిపితే నిలవదని, మొదటినుంచీ సరస్సు నీళ్ళలోనే నానబెడితే నిలుస్తుందని కనుక్కోవడానికే నాలుగేళ్ళు. షెఫికా ఇంటి కిటికీలో ఇరవై సీసాలు, వెనక కొట్టంలో ఇరవై సీసాలు. కిటికీవి ఎండకి, కొట్టంలోవి చలికి. ఆవిడ మొగుడు పాపం ఊరగాయ కూరల జాడీ అనుకుని ఒకసారి చెంచా పెట్టి నోట్లో వేసుకున్నాడు. "చావలేదుగా, సీసాలో ఒక చెంచా తగ్గిందని రాసుకో" అని అరిచాడట. ఈవిడ నిజంగానే నోటుబుక్కులో రాసింది: పన్నెండో సీసా, ఒక చెంచా తగ్గింది, మొగుడు.

చివరికి నిలబడింది. బూడిదనలుపు రంగు, మెత్తగా, వేలితో తీస్తే వేలి మీద నిలిచే జెల్. వాసన ఉంది. తొమ్మిది నెలలు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ తర్వాత పైన వేలెడు నీరు తేలుతుంది. ఎందుకు పది నెలలు ఉండదు అని పైనుంచి వచ్చిన తనిఖీ ఆఫీసరు అడిగాడు. షెఫికా అతని వైపు నింపాదిగా చూసి, "తొమ్మిది నెలలు మోసి, ఆపైన నీళ్ళు వదుల్తుంది. ఆడవాళ్ళం మేమే అంతకంటే మొయ్యలేం, దీన్నేం అడుగుతారు?" అంది. ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. తొమ్మిది నెలలకే ముద్ర వేసి వెళ్ళిపోయాడు.

ఆ జెల్ నొప్పులు తగ్గిస్తుందా లేదా అన్నది డాక్టర్లు తేల్చాల్సిన సంగతి, నేను చెప్పను. నాకు తెలిసింది ఒకటే, అందులో మా సరస్సు ఉండేది. మూత తీస్తే తెలిసేది.

తర్వాత ప్రభుత్వాలు మారాయి, ప్రయోగశాల రెండుసార్లు మూతపడి తెరుచుకుంది. చివరికి ఒక కంపెనీ కొనుక్కుంది. పేరు చెప్పను, వాళ్ళ లాయర్లకి పని కల్పించడం నాకిష్టం లేదు. రాజధాని బుకారెస్ట్ నుంచి ప్రేదా అని డైరెక్టర్ వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, ఇస్త్రీ చొక్కా, చల్లని మాట. కోపిష్టివాడైనా బాగుండేది, కనీసం జాగ్రత్తగా ఉండేవాళ్ళం. వచ్చిన వారంలోనే పద్నాలుగు మందికీ పేర్లు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. షెఫికా చెయ్యి ముద్దుపెట్టుకుని, "తాంతీ, ఈ ఇంటికి మీరే పెద్దదిక్కు" అన్నాడు. మేమంతా కరిగి నీరైపోయాం.

ఆరు నెలలకి అసలు సంగతి బయటపెట్టాడు. జెల్‌ని పైదేశాలకి పంపుతారట. ట్యూబు మీద షెఫికా బొమ్మ, షెఫికా పేరు వేస్తారట.

షెఫికా రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు పొద్దున్నే అతని గదికి వెళ్ళింది. నన్ను కూడా తీసుకెళ్ళింది, సాక్షిగా.

"నా ముఖం పెట్టుకోండి. నాకు డబ్బు వద్దు, ఒక్క లేయీ కూడా వద్దు. ఒక్కటే మాట. నా ముఖం ఉన్న ట్యూబులో నా జెల్లే ఉండాలి. వేరేది పెట్టారో, నేను ఊళ్ళో తలెత్తుకు తిరగలేను. ఈ ఊరి ఆడవాళ్ళ ఒంటికి మా అమ్మ మట్టి పూసింది. వాళ్ళ పిల్లలు నా ముఖం చూసి కొంటారు."

ప్రేదా గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "మాటిస్తున్నాను తాంతీ. ఇంకేం పెడతాం, మీరే చెప్పండి."

ఆవిడ నమ్మింది. నేనూ నమ్మాను. పక్కనున్న పట్నం కాన్‌స్టాంత్సా వెళ్ళి ఫోటో దిగి వచ్చింది, కొత్త రుమాలు కొనుక్కుని మరీ. ఆ మర్నాడు మాంసం కూరి వేయించిన శుబెరెక్‌లు ఒక గంపెడు చేసి ప్రయోగశాలకి పట్టుకొచ్చింది. తినని వాళ్ళని తిట్టి తినిపించింది. ఆ ఏడాది ఆవిడ వీధిలో నడుస్తుంటే పలకరించని ఇల్లు లేదు. అరవై ఏళ్ళ మనిషి, పదేళ్ళ పిల్లలా నడిచింది.

జనవరిలో మంచు మీద జారి ఆవిడ చీలమండ విరిగింది. ఎనిమిది వారాలు మంచం మీదే. ఆ ఎనిమిది వారాల్లో జరిగింది చెప్పాలంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అయినా చెబుతాను.

ప్రేదా నన్ను పిలిచాడు. "అనేతా, కొనేవాళ్ళు రెండేళ్ళు నిలవుండాలంటున్నారు. వాసన ఉండకూడదంటున్నారు. గుతుయె బంకతో అయ్యే పని కాదు కదా. ఇబ్బంది ఉప్పుతోనే అయితే, ఉప్పు తీసేస్తే పోలేదా?"

"ఎలా తీస్తాం సార్?"

"కడుగు."

కడిగాను. మా మట్టిని కుళాయి నీళ్ళతో ఏడుసార్లు కడిగాను. మొదటిసారి నీళ్ళు సిరాలా నల్లగా కాలవలోకి పోయాయి. వీధంతా సరస్సు వాసన కొట్టింది. ఏడోసారి నీళ్ళు తాగొచ్చు, అంత తేటగా ఉన్నాయి. అడుగున మిగిలింది బూడిదరంగు పిండి. రుచీ లేదు, వాసనా లేదు. అందులోంచి డ్రమ్ముకి ఒక చెంచా వేశాం, పెట్టె మీద మట్టి అని రాసుకోవడానికి. జర్మనీ పొడి ఈసారి హాయిగా గడ్డకట్టింది, ఎదిరించడానికి అక్కడేముంది కనుక. నల్లగా కనబడ్డానికి బొగ్గుపొడి కలిపాం. పూల వాసన కలిపాం.

తర్వాత పరీక్షలు. నలభై డిగ్రీల వేడి పెట్టెలో పెట్టాను, విరగలేదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించి కరిగించాను, విరగలేదు. గిర్రున తిప్పే యంత్రంలో అరగంట తిప్పాను, చుక్క నీరు తేలలేదు. ఆ వారాలన్నీ ఎంత సంతోషించానో దాచను. ఇన్నేళ్ళు విరిగిపోయిన జెల్ పారబోసి పారబోసి విసిగిపోయిన చేతులివి. గాజు సీసాలో అది కదలకుండా నిలబడితే పండగలా అనిపించింది. "స్థిరంగా ఉంది" అని రాసి సంతకం పెట్టాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఏమీ లేని దానికి విరగడానికేం ఉంటుందని నా బుర్రకి తట్టలేదు. తట్టలేదనడం కూడా తప్పే. తట్టనివ్వలేదు.

మార్చిలో షెఫికా చేతికర్రతో వచ్చింది. మేమంతా గుమ్మం దగ్గర గుమిగూడి కేకలు, ముద్దులు. ఆవిడ నవ్వుతూ వేలి నుంచి ఉంగరం తీసి మూడో మేకుకి తగిలించబోయి ఆగిపోయింది. పలక వైపు చూసింది. పద్నాలుగు మేకులూ ఖాళీగా ఉన్నాయి.

"ఈ వేళ ఎవరూ పనిలోకి దిగలేదా?" అంది.

"ఎందుకు దిగలేదు తాంతీ, నాలుగు డ్రమ్ములు అయ్యాయి పొద్దుట్నుంచి" అంది మిరేలా. ట్యూబులు నింపే మనిషి ఆవిడ. చేతికి జెల్ ఇంకా అంటుకునే ఉంది. అదే చేతికి వెండి ఉంగరం.

షెఫికా ఆ చెయ్యి పట్టుకుంది. "ఇది తియ్యలేదేం?"

"అక్కర్లేదు తాంతీ, ఇప్పుడు నల్లబడ్డం లేదు. ఎంత హాయిగా ఉందో. రెండు నెలలైంది మేకుల జోలికి పోయి. అప్పుడు మేకు మీంచి మా చెల్లి గొలుసు పోయిందే, ఆ గొడవ కూడా ఉండదు."

మిరేలా చెడ్డది కాదు. మేమెవరమూ చెడ్డవాళ్ళం కాదు. నల్లబడనందుకు సంతోషించాం, అంతే. తరతరాలుగా ఆ మేకుల పక్కనుంచి నడిచిన ఆడవాళ్ళం, వెండి మెరుస్తోందంటే మట్టి చచ్చిందని ఒక్కరికీ తోచలేదు. పని సుళువైందనుకున్నాం. నా చేతికీ ఉంగరం ఉంది. షెఫికా కళ్ళు మిరేలా వేలి మీద నుంచి నా వేలి మీదకి వచ్చాయి. అక్కడే ఆగాయి.

"ఎన్నిసార్లు కడిగావు?" అని అడిగింది. ఎవరూ చెప్పకుండానే కనిపెట్టేసింది.

"ఏడు."

"నువ్వేనా?"

"నేనే."

తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. కర్ర టకటకలాడించుకుంటూ ప్రేదా గదిలోకి వెళ్ళింది. తలుపు వేసుకోలేదు, అందుకే అంతా విన్నాం.

"మీరు మాటిచ్చారు."

"కూర్చోండి తాంతీ. కాలెలా ఉంది?"

"కాలు సంగతి కాదు. నా ముఖం తీసేయండి."

"తాంతీ, అది మీ జెల్లే. కొంచెం బాగుచేశాం. మట్టి ఉంది, సరస్సు ఉంది, కాగితాల మీద చూపిస్తాను."

"కాగితాలకి ఏం తెలుసు? వెండికి తెలుసు. అందులో సరస్సు లేదు."

"నలభై వేల ట్యూబులు అచ్చయ్యాయి. ఫోటో దిగిన రోజు మీరు సమ్మతి కాగితం మీద సంతకం పెట్టారు కదా." గొంతు ఇంకా చల్లగానే ఉంది. "మీ పేరు ప్రపంచమంతా తెలుస్తుంది. మనవరాళ్ళు గర్వపడతారు."

"నా మనవరాలు అది చేతికి రాసుకుని ఉంగరం చూసుకుంటుంది. అప్పుడు నా గురించి ఏమనుకుంటుందో చెప్పు. నువ్వే చెప్పు." మీరు పోయి నువ్వు వచ్చింది. అంతవరకూ షెఫికా ఏ డైరెక్టరునీ నువ్వు అనగా వినలేదు.

అతను కాఫీ తెప్పించాడు. ఆవిడ తాగకుండా బయటికి వచ్చేసింది.

జూన్‌లో ట్యూబు విడుదల పండగ పెట్టారు, సరస్సు ఒడ్డునే. డప్పులు, కెమెరాలు, మేయరు, తెల్ల గుడారం. షెఫికా రాదనుకున్నాం. వచ్చింది. ఫోటోలో ఉన్న రుమాలు, ఫోటోలో ఉన్న జుంకాలు. ప్రేదా ముఖం వెలిగిపోయింది. "రండి, రండి తాంతీ" అని చేయిపట్టి తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టాడు. బల్ల మీద జనం రాసుకుని చూడ్డానికి ఒక గాజు గిన్నె నిండా జెల్ పెట్టారు. షెఫికా తన తల్లి ఉంగరం వేలినుంచి తీసి ఆ గిన్నెలో వేసింది. సంచిలోంచి ఒక జామ్ సీసా తీసి దాని పక్కన పెట్టింది. మూత తియ్యగానే గుడారమంతా సరస్సు వాసన. అది ఇంటి కిటికీలో దాచుకున్న తన జెల్. చెవులకున్న జుంకాలు తీసి అందులో వేసింది. కుర్చీ లాక్కుని ఆ రెంటి ముందూ కూర్చుంది.

"ఏం చేస్తున్నారు తాంతీ?" అని టీవీ పిల్ల అడిగింది.

"చూస్తున్నాను."

"ఏం చూస్తున్నారు?"

"మా అమ్మ ఉంగరం ఎప్పుడు నల్లబడుతుందా అని."

బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి అర్థం కాలేదు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు, ఏదో తాతార్ల ఆచారం అనుకుని. మా ఊరివాళ్ళకి మాత్రం విప్పి చెప్పక్కర్లేదు. ఒక్కొక్కరే వచ్చి గిన్నెలోకి తొంగిచూసి, సీసాలోకి తొంగిచూసి, షెఫికా ముఖం చూసి వెళ్ళిపోయారు. స్నానాల గదిలో పనిచేసిన ముసలమ్మ ఒకతె గిన్నె దగ్గర నిలబడి, "ఇది చచ్చిన నీళ్ళే" అని పైకే అంది. డప్పులవాళ్ళు ఆపారు. సాయంత్రానికి జుంకాలు బొగ్గుల్లా అయ్యాయి. ఉంగరం పెళ్ళికూతురి వేలి మీదున్నట్టు తళతళలాడుతోంది. షెఫికా దాన్ని తుడుచుకుని, వేలికి పెట్టుకుని, కర్ర పుచ్చుకుని ఇంటికి నడిచింది. మర్నాడు ఆవిడకి, ఇక పనిలోకి రావద్దని కబురొచ్చింది.

ఊరికి తెలిసింది కదా, ఇక ఆగిపోతుందనుకున్నాను. అక్కడే నేను మళ్ళీ మోసపోయాను. ప్రేదా ఆ రోజంతా గుడారం మూల నిలబడి చూశాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. నేర్చుకుంటున్నాడని నాకేం తెలుసు?

రెండు నెలలకి కొత్త పెట్టెలు వచ్చాయి. షెఫికా నవ్వు అలాగే ఉంది. దాని కింద కొత్తగా ఒక వరస చేర్చారు: "మీ వెండి నగలను నల్లబరచని ఒకే ఒక్క సరస్సు మట్టి జెల్."

ఆ వరస రెండుసార్లు చదివాను. ఆవిడ వేసిన నిందని ఆవిడ ముఖం కిందే బిరుదుగా అచ్చేశారు. ఆవిడే ఆ మాట అంటున్నట్టుంది బొమ్మ చూస్తే. సాయంత్రం ప్రేదా ఒక కాగితం నా బల్ల మీద పెట్టాడు. వెండి ఉంగరాన్ని జెల్‌లో ముప్పై రోజులు ఉంచిన పరీక్ష. అతను చెబితే నెల ముందే ఉంచాను కూడా. ఉంగరం మారలేదు.

"ఫలితం రాసి సంతకం పెట్టెయ్ అనేతా. ఇది నిజమే కదా, ఇబ్బందేముంది?"

నిజమే. నేను ఇంతవరకూ సంతకం పెట్టినవన్నీ నిజాలే. వేడికి విరగలేదు, నిజం. చలికి విరగలేదు, నిజం. వాటన్నిటినీ కలిపి ఎంత పెద్ద అబద్ధం కట్టామో లెక్కేసుకున్నాను. కలం తీసుకున్నాను. ఫలితం అన్న గడిలో "వెండి మారలేదు" అని రాశాను. దాని పక్కనే "ఇందులో సరస్సు మట్టి సారం లేదు కనుక" అని రాశాను. సంతకం పెట్టి, తేదీ వేసి, అతని చేతికిచ్చాను.

అతను చదివాడు. అరవలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "అలిసిపోయినట్టున్నావు, ఇంటికి వెళ్ళు" అన్నాడు. వెళ్ళాను. మళ్ళీ రానివ్వలేదు. మర్నాటికల్లా ఇంకెవరిచేతనో రాయించుకున్నారు. ఆ పెట్టె ఇప్పటికీ అమ్ముడవుతోంది.

ప్రయోగశాల నుంచి తిన్నగా షెఫికా ఇంటికే పోయాను. మార్చి తర్వాత ఆ గడప తొక్కలేదు. ఆవిడ వంటగదిలో గుతుయె గింజల్ని సరస్సు నీళ్ళలో నానేస్తోంది. వీధిలో ఆడవాళ్ళకి అప్పుడు జామ్ సీసాల్లో చేసిచ్చేది, ఇప్పుడూ ఇస్తోంది. సీసా మీద పేరుండదు, తేదీ ఉంటుంది. తొమ్మిది నెలలు దాటితే వెనక్కి తెమ్మంటుంది.

జరిగిందంతా చెప్పాను. గడిలో ఏం రాశానో అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ఉద్యోగం పోయిందని చెప్పాను. నిజం ఒప్పుకుంటాను, మెచ్చుకుంటుందనుకునే వెళ్ళాను. లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తుందనుకున్నాను.

ఆవిడ గింజలు కలుపుతూనే ఉంది. తల ఎత్తకుండానే అంది:

"ఆ మాట మొదటి కాగితం మీద రాయాల్సింది."

లేచి వెళ్ళిపోదామనుకున్నాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని, తలుపు వైపు చూపించింది. అక్కడ రెండు మేకులు ఉన్నాయి. ఒకదానికి సబ్రియే ఉంగరం వేలాడుతోంది.

"కూర్చోడానికి వచ్చావా, పని చెయ్యడానికి వచ్చావా?" అంది. "పనికైతే ఉంగరం తియ్యి."